కాటా గదిలో తుడిచేసిన చుక్కలు

ఆకివీడులో భీమవరం వైపు వెళ్లే రోడ్డు పక్కన ఒక కాటా ఉంది. లోడు లారీని ఎక్కించి తూచే పెద్ద ఇనుప బల్ల అది. ఏడాదిన్నర క్రితం దాకా దాని పక్కన ఒక చిన్న గది, గదిలో ఒక పాత కంప్యూటరు, దాని ముందు కాటా వేసే గుమాస్తా ఉండేవాడు. బల్ల ఇప్పటికీ ఉంది. గది మూసేశారు. గుమాస్తా లేడు. అందుకు కారణం నేను. ఈ సంగతి తెలిసినవాళ్లం ముగ్గురమే. నాలుగో మనిషికి చెప్పడం ఇదే మొదటిసారి.

నాకు ఏలూరులో కంప్యూటర్లు బాగుచేసే దుకాణం ఉంది. ఇప్పుడంతా ఫోన్లూ ల్యాప్‌టాప్‌లే కాబట్టి అది ఏదో అలా నడుస్తోంది. కానీ చుట్టుపక్కల ఊళ్లలో పాత మిషన్లు ఇంకా కొన్ని మిగిలి ఉన్నాయి. మిల్లుల్లో, ప్రెస్సుల్లో, కాటాల దగ్గర దుమ్ము పట్టి పని చేస్తూనే ఉంటాయి. వాటికేదైనా వస్తే నాకు ఫోన్ చేస్తారు. "పాత మిషన్లంటే ఆయనేనండీ, వేరే వాళ్లకి చేతకాదు" అని నా గురించి చెప్పుకుంటారని నాకు తెలుసు. ఆ మాట విన్నప్పుడల్లా లోపల పొంగిపోయేవాణ్ని. జరిగినదానికి మొదలు అక్కడే ఉంది.

ఆ కాటా తాడేపల్లిగూడెంలో రైసుమిల్లు ఉన్న ఒక షావుకారు గారిది. మిల్లులో వచ్చే తవుడు కొల్లేరు చుట్టూ ఉన్న చేపల చెరువులకి మేతగా వెళుతుంది. గూడెంలో వేసిన తూకాన్ని చెరువుల రైతులు నమ్మరు, తమ కళ్ల ముందు తూచాలంటారు. అందుకని ఆయన ఆకివీడులోనే సొంత కాటా పెట్టించుకున్నారు. గుమాస్తాది మండవల్లి అవతల కొల్లేటి అంచున ఒక పల్లె. దాదాపు అరవై ఏళ్ల మనిషి. చిన్నప్పుడే పోలియో వచ్చి ఎడమ కాలు సన్నబడిపోయింది. రోజూ పొద్దున ప్యాసింజరు రైల్లో వచ్చి, చేతికర్ర పట్టుకుని స్టేషను నుంచి నడిచి వచ్చేవాడు. లారీ డ్రైవర్లు ఆయన్ని కాటా బాబాయి అనేవారు. నేనూ బాబాయి గారనే పిలిచాను.

దసరా వెళ్లిన వారానికి నన్ను రమ్మన్నారు. మిషన్ పనిచేస్తోంది గానీ గడియారం రోజూ కాస్త వెనకబడుతోందట, మధ్యమధ్యలో ఆగిపోతోందట. నేను వెళ్లేసరికి ఒక డ్రైవరు కిటికీ దగ్గర నిలబడి వాదిస్తున్నాడు.

"ఇంకో ఇరవై కేజీలు రావాలి బాబాయ్. సరిగ్గా చూడు."

"నువ్వు బల్ల మీదకెక్కి నిలబడు, అరవై వస్తాయి. ముందు లారీ దించు."

"నా పొట్ట మీద కూడా కన్నేశావా?"

"ఆ పొట్ట గూడెం నుంచి వచ్చేటప్పుడు ఇంత లేదురా. దార్లో తవుడు గానీ తిన్నావా ఏంటి?"

చుట్టూ ఉన్నవాళ్లు నవ్వారు. డ్రైవరు కూడా నవ్వుతూ చీటీ తీసుకుని వెళ్లిపోయాడు. బాబాయి తెర వైపు చూడకుండానే మీటలు నొక్కుతున్నాడు. పాతికేళ్లుగా అదే ప్రోగ్రాము. ఏ మీట తరవాత ఏది నొక్కాలో ఆయన వేళ్లకి తెలుసు.

గది నిండా తవుడు వాసన. ప్రింటరు మీద ఎండిపోయిన బంతిపూల దండ. సీపీయూ డబ్బాకి, ప్రింటరుకి, గోడకున్న స్టెబిలైజరుకి, ఆఖరికి కిటికీ చువ్వకి కూడా ఆయుధ పూజ నాటి గంధం, కుంకుమ బొట్లు.

నేను డబ్బా మూత మరలు తీస్తుంటే బాబాయి దగ్గరకి వచ్చి నిలబడ్డాడు.

"ఇంజినీరు గారూ, జాగ్రత్తండీ. ఇది ఉన్నంతకాలమే నేను."

"అదేంటండీ?"

"షావుకారు గారి అబ్బాయి కొత్తది పెడతానంటున్నాడండి. కెమెరాలూ అవీ. చీటీ ఫోన్లోకే వెళ్లిపోద్దంట, గదిలో మనిషక్కర్లేదంట. షావుకారు గారేమో, ఈ మిషన్ నడిచినన్నాళ్లు నడవనీరా, ఆయనెక్కడికి పోతాడు అన్నారండి. ఆ ఒక్క మాట మీద ఉన్నాను. ఈ కాలుతో చెరువు పని చేయలేను, మూటలు మొయ్యలేను. కూర్చుని చేసే పని ఇదొక్కటే నాకు."

ఆ మాట విన్నాను. విననట్టు రాస్తే అబద్ధమవుతుంది. పూర్తిగా విని, "మీకేం భయం లేదండీ, నా చేతిలో పడింది కదా" అన్నాను.

మూత తీస్తే లోపల తవుడు ధూళి గచ్చులా పేరుకుపోయి ఉంది. ఆ ధూళి కింద, బల్ల అడుగు నుంచి వచ్చే తీగ తగిలించిన కార్డు కనిపించింది. మూరెడు పొడవుంది. కాటా పెట్టిన కంపెనీ వాళ్లు సొంతంగా తయారు చేసుకున్నది. ఇప్పటి కంప్యూటర్లలో ఏ కార్డు పెట్టినా తన చోటు తనే వెతుక్కుంటుంది. ఆ కాలం కార్డులు అలా కాదు. కార్డు ఏ చిరునామాలో ఉండాలో, పని పడినప్పుడు ప్రాసెసర్‌ని ఏ నంబరు గంట కొట్టి పిలవాలో మనమే చెప్పాలి. చెప్పడమంటే కార్డు మీద నిలబెట్టిన సన్నటి పిన్నుల జతల్లో కొన్నిటికి పెసరగింజంత నల్ల టోపీలు తొడగడమే. ఆ టోపీలను జంపర్లు అంటాం. ఏ జతకి టోపీ ఉంది, ఏ జతకి లేదు అన్నదే ఆ కార్డుకి ప్రాణం. ఒక్కటి తప్పినా ప్రోగ్రాముకి కార్డు కనబడదు.

కొల్లేటి తేమకి పిన్నులు పచ్చగా చిలుమెక్కి ఉన్నాయి. మిషన్ ఆగిపోవడానికి అదే కారణమనుకున్నాను. టోపీలు ఒక్కొక్కటే లాగి టీ ఫ్లాస్కు మూతలో వేశాను. ఆరు టోపీలు. తీసేముందు ఫోటో తీసుకోవాలని ఈ పని చేసే ఎవడికైనా తెలుసు. చొక్కా జేబులో ఫోన్ ఉంది. తీయలేదు. ఇలాంటివి వందలు చూశాను, గుర్తుంటాయిలే అనుకున్నాను.

కార్డు మీద, పిన్నుల పక్కన, ఎర్ర చుక్కలు కనిపించాయి.

"లోపల కూడా పెట్టారేంటండీ బాబాయి గారూ బొట్లు?"

"పెడతారండి. దసరాకి షావుకారు గారి అమ్మగారు కారులో వచ్చి అన్నిటికీ స్వయంగా పెడతారు. కిందటేడు నా కుర్చీకి కూడా పెట్టేశారు. నేను చూసుకోకుండా కూర్చున్నాను. మర్నాడు ఆదివారం, అదే ప్యాంటుతో చర్చికి వెళ్లాను. వెనకంతా కుంకుమే. ఆ రోజు పాస్టరు గారు చెప్పిన వాక్యమంతా నా గురించేనేమో అనిపించిందండి."

ఇద్దరం పడీపడీ నవ్వుకున్నాం. నవ్వుతూనే గుడ్డ తీసుకుని చుక్కల్ని తుడిచాను. పోలేదు. గంధంలో కలిపి పెట్టి ఉంటారు, ఎండి గట్టిపడిందనుకున్నాను. దూదికి థిన్నరు అద్ది గట్టిగా రుద్దాను. పోయాయి. కుంకుమైతే పొడి గుడ్డకే వచ్చేస్తుంది. ఆ చిన్న ఆలోచన నాకు తట్టలేదు. షావుకారు ఇళ్ల మిషన్లు పాతికేళ్లుగా చూస్తున్నాను. ఎర్ర చుక్క కనబడితే పూజే అనుకోవడం అలవాటైపోయింది.

తరవాత గడియారం కోసం బోర్డు మీద ఉండే బిళ్ల బ్యాటరీ తీసి కొత్తది వేశాను. పిన్నులు మెరిసేలా తోమాను. గుర్తున్నట్టుగా టోపీలు తొడిగి, కార్డు బిగించి, స్విచ్ వేశాను. కార్డు దొరకలేదని తెర మీద ఇంగ్లీషులో ఒక వాక్యం వచ్చింది.

ఒక టోపీ జరిపి చూశాను. అదే వాక్యం. ఇంకోటి జరిపాను. అదే. ఆ సాయంత్రం దాకా అదే.

కార్డు మీద మూడు వరుసల పిన్నులున్నాయి. ఒకటి చిరునామాకి, ఒకటి గంట నంబరుకి. మూడోది దేనికో నాకు తెలియదు. కార్డు మీద కంపెనీ పేరు లేదు. దాంతో వచ్చిన పుస్తకం ఏనాడో పోయిందట. విజయవాడలో ఉన్న ఆ కంపెనీ ఎత్తేసి చాలా ఏళ్లయింది. బాబాయి దగ్గరున్న నంబరుకి ఫోన్ చేస్తే ఎవరో ఆడమనిషి ఎత్తి, ఇది ఇల్లండీ అంది. ప్రోగ్రాము లోపలికి తొంగి చూసి అది ఏ నంబరు అడుగుతోందో తెలుసుకునేవాళ్లు ఉంటారు. ఆ విద్య నాకు రాదు. రాదని ఎవరితోనూ ఎప్పుడూ అనలేదు. ఆ రోజు కూడా అనలేదు.

కాగితం మీద లెక్క వేస్తే ఆరు టోపీల్ని ఆ పిన్నుల మీద పెట్టగలిగే తీరులు ఏడు వందలు దాటాయి. ఒక్కోదానికి మిషన్ ఆపి, మార్చి, మళ్లీ లేపడానికి ఒక నిమిషం. మర్నాడు పొద్దున ఏలూరులో బస్సెక్కి వచ్చి అదే పని మొదలుపెట్టాను. నోటుపుస్తకంలో ఒక్కో తీరూ గీసుకోవడం, చూడటం, కొట్టేయడం.

బాబాయి బయట రోడ్డు మీద కుర్చీ వేసుకుని, వచ్చిన లారీల్ని ఇంకో కాటాకి పంపేవాడు.

"ఏంటి బాబాయ్, దుకాణం కట్టేశావా?"

"డాక్టరు గారు లోపల ఆపరేషన్ చేస్తున్నారు. రేపు రండిరా."

"బతుకుద్దా?"

"మీ అందరికంటే ఎక్కువ బతుకుద్ది. పోండి."

నేను లోపల వింటూ టోపీలు మార్చేవాణ్ని.

రెండో రోజు మధ్యాహ్నం ఆయన తన క్యారేజీలో అన్నం నాక్కూడా పెట్టాడు. గండిచేప పులుసు. తింటుండగా ఆయనకేదో గుర్తొచ్చింది.

"ఇది బిగించినరోజు ఆ కంపెనీ ఆయన తమాషా చేశాడండీ. ఎదురుగా ఫ్యాన్సీ షాపు ఉండేది అప్పట్లో. వెళ్లి ఎర్ర గోళ్లరంగు కొనుక్కొచ్చాడు. పెళ్లాంకేమో అనుకున్నాను. గదిలోకొచ్చి, మూత తీసి, లోపలెక్కడో చుక్కలు చుక్కలుగా పెట్టాడు. ఏంటయ్యా ఇదంటే, నేను పోయినా ఇది ఎలా పెట్టాలో ఎవడికైనా తెలియాలి కదా బాబాయ్ అన్నాడు."

నా చేతిలో ముద్ద అలాగే ఉండిపోయింది. చుక్క ఉన్న జతకి టోపీ, లేని జతకి లేదు. అంతే. పాతికేళ్ల తరవాత ఎవడో ఒకడు వచ్చి మూత తీస్తాడని ఆలోచించి ఆయన ఆ గుర్తులు పెట్టి వెళ్లాడు. అవి పూజ బొట్లనుకుని, నవ్వుతూ, థిన్నరు వేసి మరీ తుడిచేశాను.

"అది మీకేమన్నా పనికొస్తదా అండీ?" అని అడిగాడు బాబాయి.

"లేదండీ," అన్నాను.

అప్పుడు చెప్పి ఉంటే ఏమయ్యేది? టోపీలు వాటంతటవి సరిగ్గా కూర్చునేవి కావు. కానీ ఏం జరిగిందో ఆయనకి తెలిసేది. నేను చెప్పలేదు. మళ్లీ పులుసు పోసుకుని తిన్నాను.

మూడో రోజు మధ్యాహ్నానికి నోటుపుస్తకంలో అన్నీ అయిపోయాయి. ఒక్కదానికీ కార్డు పలకలేదు. కార్డు నిజంగానే పోయి ఉంటుందని నాకు అనిపించడం మొదలైంది. అలా అనిపించిందంటే సరిపోదు, అలా అయితే బాగుండునని కోరుకున్నాను. సరిగ్గా అప్పుడే షావుకారు గారు కారు దిగారు. నెమ్మదిగా మాట్లాడే మనిషి. గది గుమ్మంలో నిలబడి అడిగారు.

"ఏవండీ ఇంజినీరు గారూ, మూడు రోజులైంది. ఏమంటుంది?"

"కార్డు కాలిపోయిందండీ," అన్నాను.

"అయ్యో. ఎలా?"

"కరెంటు హెచ్చుతగ్గులకి పోతాయండీ ఇవి. పాతవి కదా."

ఆయన గోడకున్న స్టెబిలైజరు వైపు చూశారు. తరవాత బాబాయి వైపు తిరిగారు.

"ఏవయ్యా, అది వెయ్యకుండా మిషన్ గానీ పెట్టావా ఎప్పుడైనా?"

బాబాయి లేదు అనొచ్చు. కాదనేవాళ్లు లేరు, చూసినవాళ్లు లేరు. ఆయన కొంచెంసేపు ఆలోచించాడు. నిజంగానే ఆలోచించాడు. ఆ ముఖం నాకిప్పటికీ కనబడుతుంది.

"ఒక్కరోజు మరిచిపోయానండీ. దసరా ముందు పెద్ద వాన పడింది చూడండి, ఆ రోజు. నాలుగు లారీలు ఒకేసారి వచ్చాయి, హడావిడిలో... గంట తరవాత చూసుకుని వేశానండీ."

"అదిగో," అన్నారు షావుకారు గారు. తిట్టలేదు. నా వైపు తిరిగి, "దానివల్ల పోతుందాండీ?" అని అడిగారు.

స్టెబిలైజరు లేకుండా గంట నడిచినంత మాత్రాన కార్డు కాలదు. కాలి ఉంటే ఆ రోజే కాలేది. ఆ తరవాత పది రోజులు అది తూచింది, నేను వచ్చిన పూట కూడా నా కళ్ల ముందే తూచింది. ఇదంతా నాకు తెలుసు.

"పోవచ్చండీ," అన్నాను.

బాబాయి కుర్చీలోంచి లేచి, షావుకారు గారికి చోటివ్వడానికి గోడకి ఆనుకుని నిలబడ్డాడు. నేను సంచీ సర్దుకున్నాను. వెళుతుంటే ఆయన నాతో, "మీరు చాలా కష్టపడ్డారండీ, నావల్లే మీకు ఇబ్బంది" అన్నాడు.

రెండు నెలల తరవాత వేరే పని మీద ఆకివీడు వెళ్లాను. బల్లకి అటూ ఇటూ స్తంభాలు, స్తంభాల మీద కెమెరాలు ఉన్నాయి. గదికి తాళం. డ్రైవరు తనే లారీ ఎక్కించి, ఫోన్ చూసుకుని దించేసుకుంటున్నాడు. ఎదురుగా టీ కొట్టులో నిలబడ్డాను గానీ బాబాయి గురించి అడగలేదు. ఆ సంవత్సరమంతా ఆకివీడు నుంచి ఎవరు పిలిచినా ఖాళీ లేదని చెప్పాను.

సంవత్సరం తిరిగాక ఏలూరులో ఒక ప్రెస్సు వాళ్ల పాత మిషన్ నా దుకాణానికి వచ్చింది. దాంట్లోనూ అలాంటి పాత కార్డే ఉంది. బ్యాటరీ అయిపోవస్తే మార్చాను. అంతకుముందు దాకా పనిచేసిన కార్డు వెంటనే కనబడకుండా పోయింది. ఈసారి టోపీలు నేను ముట్టుకోలేదు కాబట్టి తప్పు ఇంకెక్కడో ఉండాలి. మిషన్ లేచేటప్పుడు ఒక మీట నొక్కితే వచ్చే సెట్టింగుల తెరలో పేజీ పేజీ చూసుకుంటూ వెళ్లాను. అక్కడ గంట నంబర్ల పట్టిక ఉంది. ఒక్కో నంబరు కొత్త కార్డులకి వదిలేయాలా, పాత కార్డు కోసం అట్టే పెట్టాలా అని అందులో చెప్పాలి. ఆ పట్టికని గుర్తుపెట్టుకునేది బ్యాటరీయే. బ్యాటరీ తీస్తే అన్ని నంబర్లూ కొత్తవాటికి వెళ్లిపోతాయి. పాత కార్డు ఎంత సరిగ్గా పెట్టినా దాని గంట ఎవరికీ వినబడదు.

ఒక నంబరు మార్చాను. ప్రెస్సు వాళ్ల కార్డు పలికింది.

నేను స్టూలు మీద కూర్చుండిపోయాను. ఆకివీడులో ఆ మొదటి రోజే బ్యాటరీ తీసేశాను. గడియారం నెమ్మదించింది గానీ, ఆ పట్టిక అప్పటిదాకా పదిలంగానే ఉంది. తీసింది నేను. ఆ మూడు రోజుల్లో ఏడు వందలకి పైగా తీరులు చూశాను కదా. వాటిలో ఏదో ఒకసారి ఆరు టోపీలూ సరిగ్గా వాటి చోట్లలోనే కూర్చుని ఉంటాయి. అది కూడా తప్పేనని గీత కొట్టేశాను. కార్డు కాలలేదు. ఒక్క నంబరు మారిస్తే, నోటుపుస్తకం మళ్లీ మొదటి నుంచి తిప్పితే, అది పలికేది.

వెంటనే షావుకారు గారికి ఫోన్ చేశాను. పాత మిషన్ ఏదండీ అని అడిగాను.

"ఎప్పుడో పాత ఇనుముకి వేసేశామండీ. ఏం, కావాలా?"

"ఊరికే అడిగానండీ," అన్నాను. అప్పుడైనా చెప్పొచ్చు. చెప్పలేదు.

ఇంకో పది రోజులు ఊరుకుని, ఒక ఆదివారం మండవల్లి బయలుదేరాను. ఏలూరు నుంచి కైకలూరు బస్సు కొల్లేటి మీదుగా వెళుతుంది. రోడ్డుకి రెండు వైపులా చెరువులే. నీళ్ల మీద కట్టిన తాళ్లకి మేత సంచులు వేలాడుతుంటాయి. ఆ దారిలో ఎన్నోసార్లు వెళ్లాను. ఆ సంచుల్లోని తవుడు ఎవరు తూచారన్న ఆలోచన ఎప్పుడూ రాలేదు.

ఇంట్లో ఆయన భార్య ఉంది. నేనెవరో చెప్పగానే మంచినీళ్లు తెచ్చిచ్చింది.

"ఆయన చెరువు గట్టు మీదుంటారండీ. కాపలా. పిట్టలు చేపల్ని ఎత్తుకుపోకుండా డబ్బా వాయించాలి. గట్టు మీద నడవలేరు, పొద్దున ఎవరో ఒకరు బండి మీద దింపుతారు, సాయంత్రం తీసుకొస్తారు." ఆగి, గొంతు తగ్గించి అంది. "మీరొచ్చారు కదా, కొంచెం చెప్పండి బాబూ. ఆ మిషన్ నేనే తగలేశానని రోజూ ప్రార్థనలో ఏడుస్తారండీ. ఉప్పు తిన్నచోట నష్టం చేశానని. పోనీలే అన్నా వినరు."

గట్టు మీద తాటాకుల పాక కింద మంచం మీద కూర్చుని ఉన్నాడు. పక్కన నూనె డబ్బా, కర్ర. నన్ను చూసి లేవబోయాడు.

"కూర్చోండి ఇంజినీరు గారూ. ఇదిగోనండీ మన కొత్త ఆఫీసు. ఫ్యాను కూడా అక్కర్లేదు."

నేను నిలబడే చెప్పాను. చుక్కల సంగతి, బ్యాటరీ సంగతి, స్టెబిలైజరు సంగతి అన్నీ చెప్పాను. మధ్యలో నీటికాకులు రెండు చెరువులో దిగాయి. ఆయన డబ్బా వాయించలేదు.

"అంటే ఆ వాన రోజు వల్ల కాదంటారా?"

"కాదండీ."

"ఖాయంగానా?"

"ఖాయమేనండీ. మీ వల్ల ఏమీ పోలేదు. నాకు ఆ రోజే తెలుసండీ."

నన్ను క్షమించమని అడిగాను.

"మీ మీద కోపం రావాలండీ నాకు," అన్నాడు. "ఇంకా రాలేదు. వస్తదేమో చూడాలి." కర్ర తీసుకుని డబ్బా మీద రెండు దెబ్బలు కొట్టాడు. పిట్టలు లేచిపోయాయి. "నాకు చెప్తే ఏం లాభమండీ? షావుకారు గారికి చెప్పండి. నేను చెయ్యలేదని ఆయనకి తెలియాలి."

చెప్తానన్నాను.

తాడేపల్లిగూడెం వెళ్లడానికి ఇంకో నెల పట్టింది. మిల్లు ఆఫీసులో షావుకారు గారు అంతా శాంతంగా విన్నారు. టీ తెప్పించారు.

"అలాగాండీ. అయ్యో. సరే, ఇప్పుడు ఇది నాకెందుకు చెప్తున్నారు?"

"ఆయన తప్పు లేదని మీకు తెలియాలనండీ."

"తప్పని నేనెప్పుడన్నానండీ? మిషన్ పోయింది, పని పోయింది. మావాడు ఎలాగూ ఆ కెమెరాలు పెట్టేవాడే. ఒక ఆర్నెల్లు ముందో వెనకో. మీరు మనసులో పెట్టుకోకండి."

ఆ మాట వినగానే నాకు ఒళ్లు తేలికపడింది. అలా తేలికపడినందుకు వెంటనే సిగ్గేసింది. ఆర్నెల్లంటే ఆ మనిషికి ఆర్నెల్ల బతుకు.

"కూర్చుని చేసే పని ఏదైనా ఉంటే ఆయనకి ఇప్పించండి," అన్నాను.

"చూద్దాం లెండి," అన్నారు. నేను లేస్తుంటే మళ్లీ పిలిచారు. "ఏవండీ, మీరు మాత్రం ఆయనకి ఆశ పెట్టకండి. ఇక్కడ ఏ పనీ లేదు. చూద్దామన్నానని తెలిస్తే వచ్చి గేటు దగ్గర నిలబడతాడు. వెళ్లమని చెప్పడం నాకు కష్టం."

బస్టాండులోంచి బాబాయికి ఫోన్ చేశాను. చెప్పానన్నాను.

"చెప్పారా? ఏమన్నారండీ?"

ఏం చెప్పాలో నాకు ముందే తెలిసి ఉండాలి. తప్పు ఆయనది కాదని షావుకారు గారు ఒప్పుకున్నారని, కానీ పని లేదని. రెండే ముక్కలు. మొదటి ముక్క చెప్పాను. అవతల ఆయన "ఒప్పుకున్నారా? ఆయన నోటితో అన్నారా?" అని రెండుసార్లు అడిగాడు. వెనక భార్యతో ఏదో చెప్పాడు, ఆవిడ ఏదో అంది. ఆ సంతోషం వింటూ రెండో ముక్క చెప్పలేకపోయాను.

"మరి పని గురించి ఏమన్నా అన్నారాండీ?"

"చూద్దామన్నారండీ," అన్నాను.

"చూద్దామన్నారా? షావుకారు గారు ఊరికే అనరండీ ఆ మాట. నాకు తెలుసు."

అది అబద్ధం కాదని నాకు నేను చెప్పుకున్నాను. ఆయన అన్న మాటే చెప్పాను కదా అని. బస్సు ఏలూరు చేరేదాకా అదే చెప్పుకున్నాను.

మూడు వారాల తరవాత షావుకారు గారు ఫోన్ చేశారు. ఎప్పట్లానే నెమ్మదిగా మాట్లాడారు. బాబాయి వస్తున్నాడట. సోమవారం సోమవారం మండవల్లిలో రైలెక్కి, భీమవరంలో దిగి, అక్కణ్నుంచి బస్సులో గూడెం వచ్చి, ఇస్త్రీ చొక్కా వేసుకుని మిల్లు గేటు పక్కన నిలబడుతున్నాడట. లోపలికి రమ్మంటే రాడట, "మీ పని చూసుకోండి, నాకేం తొందర లేదండీ" అంటాడట. మధ్యాహ్నం దాకా ఉండి వెళ్లిపోతాడట.

"మీకు చెప్పానండీ ఆ రోజు," అన్నారాయన.

"నేను మాట్లాడతానండీ ఆయనతో."

"మాట్లాడండి. ఆ కాలుతో అలా నిలబడుతుంటే చూడలేకపోతున్నాం."

ఆ తరవాత బాబాయి నాకు రెండుసార్లు ఫోన్ చేశాడు. మొదటిసారి ఎత్తి, దుకాణంలో జనం ఉన్నారని పెట్టేశాను. రెండోసారి ఎత్తలేదు. గూడెం ఏలూరు నుంచి రైల్లో ముప్పావు గంట. ఈ సోమవారం కూడా ఆయన అక్కడికి వచ్చే ఉంటాడు. నేను పొద్దున్నే దుకాణం తీసి, ఎవరిదో ప్రింటరు విప్పుకుని కూర్చున్నాను.